హాజరు పట్టీ – ఒక రిజర్వు సేనాధిపతి ఉత్తరం

సావనీర్ కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "నువ్వు చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటావు కదా, ఏదైనా చరిత్ర వ్యాసం రాయి. బడి జ్ఞాపకాలు మాత్రం వద్దు, అవి ఇప్పటికే బోలెడు వచ్చాయి" అన్నారు. సరే అన్నాను. కాని ఒక్క జ్ఞాపకం చెప్పకుండా ఈ వ్యాసం మొదలుపెట్టలేను. కమిటీ వారు మన్నించాలి.

మా రోజుల్లో ఎన్‌సీసీ పరేడ్ ఆదివారం ఉదయం ఉండేది. పరేడ్ అయ్యాక పెట్టే పూరీ, బంగాళాదుంప కూర కోసమే సగంమంది వచ్చేవాళ్లం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నా స్నేహితుడు రాలేదు. హాజరు తగ్గితే వాడికి క్యాంపుకి వెళ్లే అవకాశం పోతుంది. అందుకని వాడి పేరు పిలవగానే నేనే గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అన్నాను. ఎన్‌సీసీ మాస్టారు ఏమీ అనలేదు. పట్టీ మూసి, వరసల మధ్య నడుస్తూ తలలు లెక్కపెట్టారు. ఒకటి తగ్గింది.

నన్ను ముందుకి పిలిచి కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు. "ఒరేయ్, పట్టీలో నలభై ఇద్దరున్నారు, గ్రౌండులో నలభై ఒక్కడే ఉన్నాడు. రేపు పైవాళ్లు అడిగితే నేను నలభై ఇద్దరని చెబుతాను. ఆ నలభై రెండోవాడి చోట ఎవడు నిలబడతాడురా?" అన్నారు. ఆ పూట అంతా నా స్థానంలో ఒకసారి, వాడి స్థానంలో ఒకసారి, ఒకే డ్రిల్లు రెండుసార్లు చేయించారు. పూరీలు మాత్రం ఒక్కడికే పెట్టారు.

చాలా ఏళ్ల తర్వాత అమెరికా సైన్యంలోని ఒక అధికారి 2004లో తన పైఅధికారికి రాసిన ఉత్తరం గురించి చదివినప్పుడు మాస్టారి ప్రశ్న మళ్లీ చెవిలో వినిపించింది. ఆ అధికారి పేరు లెఫ్టినెంట్ జనరల్ జేమ్స్ హెల్మ్‌లీ. ఆయన ఆనాటి అమెరికా ఆర్మీ రిజర్వ్ అధిపతి. ఈ వ్యాసం ఆయన పదవి గురించీ, ఆయన ఉత్తరం గురించీ.

కనిపించని సైన్యం

రిజర్వు సైన్యం మామూలు రోజుల్లో ఎక్కడా కనిపించదు. అందులో ఉన్నవారు ఆసుపత్రిలో నర్సులుగా, లారీ డ్రైవర్లుగా, పోలీసులుగా, బడిపంతుళ్లుగా, మనలాంటి ఇంజనీర్లుగా తమ పనుల్లో ఉంటారు. మన బడి నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవారిలో కొందరు ఇలాంటివారిని దగ్గరనుంచి చూసే ఉంటారు. పక్క సీటులోని సహోద్యోగి నెలకో శని ఆదివారాలు, ఏడాదికో రెండు వారాలు యూనిఫాం వేసుకుని శిక్షణకి వెళ్లివస్తాడు. ఒక రోజు పిలుపు వస్తే ఆ సీటు ఏడాదికి పైగా ఖాళీగా ఉంటుంది. తిరిగి వచ్చాక అతని ఉద్యోగం అతనికి ఇవ్వాలని అక్కడ 1994లో చేసిన చట్టం చెబుతోంది.

అమెరికాలో ఇలాంటి బలగాలు పదాతి సైన్యం వైపు రెండున్నాయి. ఒకటి నేషనల్ గార్డ్. అది రాష్ట్రాలది, మామూలు రోజుల్లో గవర్నర్ల కింద ఉంటుంది. వరదలు, తుపాన్లు, అల్లర్లప్పుడు బయటికి వచ్చేది అదే. రెండోది ఆర్మీ రిజర్వ్. ఇది పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిది. హెల్మ్‌లీ నాటికి దీని బలం సుమారు రెండు లక్షలు. ఇందులో ముందువరసలో తుపాకీ పట్టి పోరాడే దళాలు తక్కువ. వైద్యం, రవాణా, ఇంధన సరఫరా, మంచినీటి శుద్ధి, మిలిటరీ పోలీసు, నిర్మాణ పనులు చేసే దళాలే ఎక్కువ. యుద్ధంలో ఫొటోలకెక్కేవి ఈ పనులు కావు. కాని ఇవి లేకపోతే ముందువరస మూడు రోజులు కూడా నిలవదు.

జాబితా తప్పితే ఏమవుతుంది

ఆర్మీ రిజర్వ్ 1908 ఏప్రిల్ 23న పుట్టింది. అప్పుడది డాక్టర్ల జాబితా మాత్రమే. అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి వీలుగా వైద్యుల రిజర్వు దళాన్ని ఏర్పాటు చేస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది. 1916లో ఇంకో చట్టంతో అన్ని విభాగాల అధికారులకూ ఇలాంటి ఏర్పాటు వచ్చింది. కాలేజీ కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి అధికారులుగా తయారుచేసే ఆర్‌ఓటీసీ కూడా ఆ చట్టంతోనే మొదలైంది.

జాబితా రాయడం తేలిక, దాన్ని సరిగా ఉంచుకోవడమే కష్టం. 1950లో కొరియా యుద్ధం హఠాత్తుగా వచ్చింది. అప్పుడు రిజర్వు పుస్తకాల్లో రెండు రకాల మనుషులున్నారు. జీతం తీసుకుంటూ క్రమం తప్పకుండా దళంతో శిక్షణ పొందేవారు ఒక రకం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంటికి వెళ్లి, శిక్షణా జీతమూ లేకుండా పేరు మాత్రం పుస్తకంలో మిగిలిపోయినవారు రెండో రకం. న్యాయంగా ముందు పిలవాల్సింది మొదటి రకాన్ని. కాని సైన్యానికి అప్పుడు కావలసింది ఖాళీలు నింపే విడి మనుషులు. దళాలను విడగొట్టడం ఇష్టంలేక, ఒక యుద్ధం చేసి వచ్చి పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నవారినే మళ్లీ వేలల్లో పిలిచారు. ఆ కడుపుమంట 1952 చట్టానికి దారితీసింది. ఎవరిని ముందు పిలవాలో, ఎవరిని తర్వాత పిలవాలో విభజించి రాసిన చట్టం అది.

వియత్నాంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు జరిగింది. 1965 జూలైలో అధ్యక్షుడు జాన్సన్ యుద్ధానికి మరింత సైన్యాన్ని పంపుతున్నట్టు ప్రకటించారు గాని రిజర్వులను పిలవలేదు. నిర్బంధంగా చేర్చుకున్న కుర్రాళ్లతోనే నడిపారు. 1968లో కొద్దిమందిని పిలిచినా అది నామమాత్రమే. దాంతో రిజర్వులో చేరితే యుద్ధానికి పోనక్కర్లేదనే పేరు వచ్చింది. పిలిస్తే తప్ప విలువ ఉండని బలగం, పిలవరన్న నమ్మకంతో నిండిపోయింది.

1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది. ఇక సైన్యం చిన్నదవుతుంది, కాబట్టి రెగ్యులర్ సైన్యమూ రిజర్వూ కలిసి ఒకే బలగం అనే విధానం తీసుకున్నారు. రవాణా, వైద్యం, సరఫరా వంటి పనుల్లో పెద్ద భాగం రిజర్వు వైపు వెళ్లింది. అంటే రిజర్వును కదిలించకుండా పెద్ద యుద్ధానికి పోవడం సాధ్యం కాని ఏర్పాటు తయారైంది. 1991 గల్ఫ్ యుద్ధంలో అది రుజువైంది.

ఈ పదవిలో ఉండే పని

1967 చివర్లో వచ్చిన ఒక చట్టం ఆర్మీ రిజర్వ్ అధిపతి కార్యాలయానికి చట్టబద్ధమైన స్థానం ఇచ్చింది. తర్వాతి కాలంలో ఆ పదవి లెఫ్టినెంట్ జనరల్ హోదాకి పెరిగింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి రెండు బాధ్యతలుంటాయి. రిజర్వుకి సంబంధించిన విషయాల్లో ఆయన సైన్యాధ్యక్షుడికి సలహాదారు. అదే సమయంలో దేశమంతటా ఉన్న రిజర్వు దళాల కమాండ్‌కి అధిపతి కూడా ఆయనే. వాటి జీతాలు, శిక్షణ, భవనాల బడ్జెట్లు ఆయన చేతిమీదుగా నడుస్తాయి. ఏటా కాంగ్రెస్ కమిటీల ముందు కూర్చుని జవాబు చెప్పుకోవాలి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. యుద్ధంలో ఆయన ఎవరినీ నడిపించడు. దళం తయారై విమానం ఎక్కగానే అది అక్కడి సేనాధిపతి చేతికి వెళ్లిపోతుంది. గెలుపు వార్తలో ఈయన పేరుండదు. దళం సరిగా తయారుకాకపోతే మాత్రం అందరూ ఈయన వైపే చూస్తారు.

మరి ఈయన చేసే పని ఏమిటి? నాకు అర్థమైనంతవరకు అది ముగ్గురి మధ్య నమ్మకాన్ని నిలబెట్టడం. ఒకవైపు సైన్యం, "పిలిస్తే వస్తారా?" అని అడుగుతుంది. రెండోవైపు రిజర్వు సైనికుడు, అతని కుటుంబం. "ఎప్పుడు పిలుస్తారు, ఎన్నాళ్లకి పంపిస్తారు?" అన్నది వారి ప్రశ్న. మూడోవైపు అతనికి జీతమిచ్చే యజమాని, "మా మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడు?" అంటాడు. రెగ్యులర్ సైన్యంలో జనరల్‌కి ఈ మూడోవాడు ఉండడు, రెండోవాడి ప్రశ్న కూడా అంతగా వినిపించదు. రిజర్వు అధిపతి మాత్రం ఈ ముగ్గురిలో ఏ ఒక్కరికి అబద్ధం చెప్పినా మిగతా ఇద్దరూ జారిపోతారు.

2004 డిసెంబరు 20

హెల్మ్‌లీ 2002 మే నెలలో ఈ పదవిలోకి వచ్చారు. అప్పటికి న్యూయార్క్ దాడులు జరిగి ఎనిమిది నెలలైంది. ఆఫ్ఘనిస్తాన్ యుద్ధం నడుస్తోంది. మరుసటి ఏడాది మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైంది.

ఆయనకు మొదట కనిపించింది మా మాస్టారికి కనిపించిన లెక్కే. పుస్తకంలో దళాలు నిండుగా ఉన్నాయి. కాని ఆ పేర్లలో ఇంకా ప్రాథమిక శిక్షణ పూర్తికానివారు, ఆరోగ్యం బాగాలేనివారు, ఒక చోటు వదిలి ఇంకో చోట చేరనివారు కూడా కలిసి ఉన్నారు. దళాన్ని పంపమని ఆర్డరు రాగానే ఖాళీలు బయటపడేవి. వాటిని నింపడానికి ఇంకో దళం నుంచి మనుషుల్ని తెచ్చేవారు. రెండు నెలల తర్వాత ఆ రెండో దళానికే ఆర్డరు వచ్చేది. దానికోసం మూడోదాన్ని పీకేవారు. ప్లాంటులో పనిచేసినవారికి ఇది కొత్తకాదు. నడిచే పంపుకి బేరింగ్ పోతే పక్కన ఆగి ఉన్న పంపుది విప్పి బిగిస్తాం. ఆ రోజుకి పని గడుస్తుంది. పుస్తకంలో పంపులు రెండే ఉంటాయి, నిజానికి ఉన్నది ఒకటే.

శిక్షణలో ఉన్నవారిని, పంపడానికి వీలుకానివారిని దళాల లెక్కలోంచి తీసి వేరే ఖాతాలో చూపించే పని హెల్మ్‌లీ మొదలుపెట్టారు. అంటే ముందు పట్టీని సరిచేయాలనుకున్నారు. అలా చేస్తే కాగితం మీద బలం తగ్గినట్టు కనిపిస్తుంది. అలా కనిపించడం ఏ ఆఫీసులోనూ ఎవరికీ నచ్చదు.

మరోవైపు పిలుపులు ఆగలేదు. వేలమంది రిజర్వు సైనికులకి ఐదు రోజుల గడువు కూడా ఇవ్వకుండా పిలుపు అందింది. ఐదు రోజుల్లో ఇల్లు, పిల్లల బడి, యజమాని, అప్పుల వాయిదాలు అన్నీ సర్దుకుని బయలుదేరాలి. 2003 సెప్టెంబరులో ఇరాక్‌లో ఉన్నవారి గడువును మారుస్తూ, అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి ఏడాది ఉండాలన్నారు. ముందూ వెనకా శిక్షణ, ప్రయాణం కలిపితే అది ఏడాదిన్నర దాకా పోయేది. ఆరు నెలల్లో వస్తామని ఇంట్లో చెప్పి వెళ్లినవారి పరిస్థితి ఊహించుకోవచ్చు.

2004 అక్టోబరు 13న ఒక సంఘటన జరిగింది. దక్షిణ కరోలినాలోని రాక్ హిల్ ఊరికి చెందిన 343వ క్వార్టర్‌మాస్టర్ కంపెనీ, ఒక ఆర్మీ రిజర్వ్ దళం, ఇరాక్‌లోని తల్లిల్ స్థావరంలో ఉంది. ఇంధనం లారీల్లో తాజీకి తీసుకెళ్లమని ఆర్డరు వచ్చింది. పద్దెనిమిది మంది సైనికులు వెళ్లమన్నారు. లారీలకి కవచం లేదు, బళ్లు సరిగా లేవు, తీసుకెళ్లే ఇంధనం కూడా కల్తీ అయిందన్నది వారి వాదన. సైన్యంలో ఆర్డరు కాదనడం ఎంత పెద్ద నేరమో చెప్పనక్కర్లేదు. అయినా చివరికి ఎవరినీ కోర్టు మార్షల్ దాకా తీసుకెళ్లలేదు, కొందరికి శాఖాపరమైన శిక్షలతో సరిపెట్టారు.

ఆ తర్వాత రెండు నెలలకి, 2004 డిసెంబరు 20న, హెల్మ్‌లీ సైన్యాధ్యక్షుడు జనరల్ పీటర్ షూమేకర్‌కి ఒక మెమో రాశారు. ఇప్పుడున్న నియమాలతో ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ అవసరాలను తీరుస్తూ, తర్వాతి పనికి మళ్లీ సిద్ధం కావడం ఆర్మీ రిజర్వ్‌కి సాధ్యం కాదన్నది దాని సారాంశం. తన బలగం వేగంగా విరిగిపోయే స్థితికి జారుతోందని ఆయన రాశారు. భయపెట్టడం తన ఉద్దేశం కాదనీ చెప్పారు.

మెమోలో ఆయన వేలుపెట్టి చూపినవాటిలో మూడు విషయాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. మొదటిది, శాంతికాలపు అలవాట్లతో యుద్ధకాలం నడపడం. దళాలను మొత్తంగా పిలవాల్సిన చోట, ఇబ్బంది అవుతుందని వెనకాడి, ముందుకొచ్చిన వాలంటీర్లను అక్కడొకరినీ ఇక్కడొకరినీ ఏరి పంపడం. దాంతో వెనక మిగిలిన దళాలు డొల్లవుతాయి. రెండోది, మళ్లీ వెళ్లడానికి ఒప్పుకున్నవారికి నెలకు వెయ్యి డాలర్లు అదనంగా ఇవ్వాలన్న ఆలోచన. ఇలా అయితే స్వచ్ఛందంగా వచ్చిన సైనికుడికీ, కిరాయి సైనికుడికీ తేడా చెరిగిపోతుందని ఆయన హెచ్చరించారు. మూడోది, దళాలు తిరిగి వచ్చేటప్పుడు తమ సామగ్రిని తర్వాత వచ్చేవారికోసం అక్కడే వదిలి రావడం. ఆ క్షణానికి అది సబబే. కాని ఇంటికి వచ్చిన దళం దేనితో శిక్షణ చేయాలి?

నేను పెట్టిన సంతకం

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే ఈ ఉత్తరం నన్ను ఎందుకు వదలలేదో మీకు తెలియదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఒక ఫ్యాక్టరీలో నేను యుటిలిటీస్ విభాగంలో జూనియర్ ఇంజనీర్‌ని. మంటలార్పే నీటికి కరెంటుతో నడిచే పంపు ఒకటి, కరెంటు పోతే నడవడానికి డీజిల్ పంపు ఒకటి ఉండేవి. డీజిల్ పంపుని వారానికోసారి నడిపి చూసి రిజిస్టరులో రాయాలి. పని ఒత్తిడి ఎక్కువ. నాకు ముందున్నవారు నడపకుండానే "ఓకే" అని రాసేవారు. నేనూ అదే నేర్చుకున్నాను. పదకొండు వారాలు వరసగా సంతకం పెట్టాను.

ఒక రాత్రి గోదాములో మంట లేచింది. ముందు జాగ్రత్తగా ఆ వైపు కరెంటు తీసేశారు. ఇక డీజిల్ పంపు నడవాలి. బటన్ నొక్కితే ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. బ్యాటరీ చచ్చిపోయి ఎన్ని వారాలైందో ఎవరికీ తెలియదు. ఊరి ఫైరింజను వచ్చేలోపు బకెట్లతో, ఇసుకతో ఆర్పబోయిన ఒక కాంట్రాక్టు కార్మికుడి రెండు చేతులూ కాలాయి. ప్రాణం దక్కింది. విచారణలో రిజిస్టరు చూశారు. అందులో అన్నీ "ఓకే"లే కాబట్టి, బ్యాటరీ అదే వారం పాడైందని తేల్చారు. నన్నెవరూ ఏమీ అనలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఆ నలభై రెండోవాడి చోట ఎవడు నిలబడతాడురా అని మాస్టారు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ రాత్రి తెలిసింది. పట్టీలో మనం అబద్ధం రాస్తే, ఆ ఖాళీలో నిలబడేది మనం కాదు. మనకు పేరు కూడా తెలియని ఇంకొకడు.

హెల్మ్‌లీ ముందు కూడా అలాంటి రిజిస్టరే ఉంది. "సిద్ధంగా ఉన్నాం" అని రాయడం చాలా తేలిక. అలా రాస్తే సైన్యాధ్యక్షుడు సంతోషిస్తాడు, పదవీకాలం ప్రశాంతంగా ముగుస్తుంది. ఖాళీలో నిలబడేది రాక్ హిల్‌లోని లారీ డ్రైవరు. అదీగాక సైన్యంలో "మావల్ల కాదు" అనడం పిరికితనంగా వినిపిస్తుంది. యుద్ధం నడుస్తుండగా అనడం ఇంకా కష్టం. అందుకే ఆ మెమోని నేను ధైర్యపతకం లెక్కలో వేస్తాను.

నాణేనికి ఇంకో పక్క కూడా చూడాలి. అలాంటి మాట బయటపడితే శత్రువుకి బలమొస్తుందని, యుద్ధభూమిలో ఉన్నవారి మనసు కుంగుతుందని అనేవారుంటారు. ఆ మాటని తీసిపారేయలేం. కాని హెల్మ్‌లీ పత్రికల వాళ్లని పిలిచి చెప్పలేదు. తన పైఅధికారికి, రాతపూర్వకంగా, కారణాలతో రాశారు. అది తర్వాత బయటికి పొక్కింది.

ఉత్తరం తర్వాత

2005 జనవరి మొదటి వారంలో బాల్టిమోర్ సన్ పత్రిక ఆ మెమో సంగతి ప్రచురించింది. దేశమంతా దుమారం రేగింది. హెల్మ్‌లీని తీసేస్తారని కొందరు అనుకున్నారు. తీసేయలేదు. ఆయన 2006 దాకా ఆ పదవిలోనే కొనసాగారు. ఆయన చెప్పింది అతిశయోక్తి కాదని ఆ ఏడాదే తెలిసింది. 2005లో ఆర్మీ రిజర్వ్ కొత్తవారిని చేర్చుకోవడంలో లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. ఊళ్లల్లో తల్లిదండ్రులు, యజమానులు అప్పటికే తమ లెక్క తాము వేసుకున్నారు.

మార్పు నెమ్మదిగా వచ్చింది. 2007 జనవరిలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ కొత్త విధానం ప్రకటించారు. ఇకపై మనుషుల్ని ఏరుకోవడం కాకుండా దళాన్ని దళంగానే పిలవాలి. ఒక విడత పిలుపు ఏడాదికి మించకూడదు. ఒక ఏడాది సేవకు ఐదేళ్లు ఇంటి దగ్గర ఉండేలా చూడటం లక్ష్యం. మరుసటి ఏడాది, రిజర్వు ఎప్పుడో ఒకసారి వాడే బలగం కాదు, తరచుగా వాడేదే అని రక్షణ శాఖ అధికారికంగా ఒప్పుకుని, దానికి తగ్గ నియమాలు రాసుకుంది. ఇదంతా ఒక్క మెమో వల్లనే జరిగిందని నేను అనను. ఇరాక్ అనుభవం, కాంగ్రెస్ నియమించిన సంఘం, ఎందరో అధికారుల కృషి దీని వెనక ఉన్నాయి. కాని లెక్క తప్పుందని మొదట ఎవరో ఒకరు సంతకంతో సహా రాయాలి కదా.

మన టెరిటోరియల్ ఆర్మీ

మన దేశంలో ఇలాంటి బలగం టెరిటోరియల్ ఆర్మీ. 1920లో బ్రిటిష్ వారు పెట్టిన ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ దీనికి పూర్వరూపం. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో కొత్త చట్టం చేశారు. 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజాజీ లాంఛనంగా ప్రారంభించారు. అందుకే ఏటా ఆ రోజున టెరిటోరియల్ ఆర్మీ దినోత్సవం జరుపుతారు. మన ఎన్‌సీసీ కూడా 1948లో పుట్టిందే.

చాలామందికి ఇది కపిల్ దేవ్, ధోనీలకు గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చిన బలగంగానే తెలుసు. నిజానికి ఇందులో ఉద్యోగం, వ్యాపారం చేసుకుంటూ స్వచ్ఛందంగా వచ్చేవారి పదాతి బెటాలియన్లున్నాయి. చమురు సంస్థల ఉద్యోగులతో నిండిన దళాలున్నాయి. రైల్వే ఉద్యోగులతో రైల్వే దళాలు నడిచాయి, సికింద్రాబాద్ కూడా వాటికి ఒక కేంద్రంగా ఉండేది. 1982లో మస్సోరీ కొండల్లో సున్నపురాయి తవ్వకాలతో బోడిగా మారిన చోట చెట్లు నాటడానికి మొదటి పర్యావరణ బెటాలియన్‌ని లేపింది కూడా టెరిటోరియల్ ఆర్మీయే. దీనికీ జనరల్ స్థాయి అధిపతి ఒకరుంటారు. ఆయన ఎదుట కూడా ఆ ముగ్గురే ఉంటారు: సైన్యం, సైనికుడు, యజమాని. యజమాని మాత్రం ఇక్కడ చాలాసార్లు ఇంకో ప్రభుత్వ శాఖ.

2025 మే నెలలో, సరిహద్దులో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో, టెరిటోరియల్ ఆర్మీలోని అధికారులను, సిబ్బందిని అవసరమైతే పిలిచే అధికారాన్ని కేంద్రం సైన్యాధ్యక్షుడికి ఇచ్చింది. 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను మోహరించడానికి అనుమతించింది. టీవీలో ఆ వార్త చూస్తూ మా ఇంట్లో అందరూ యుద్ధవిమానాల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం ఎక్కడో ఒక ఆఫీసులో కూర్చుని ఆ పట్టీ తిరగేస్తున్న అధికారి గుర్తొచ్చాడు. ఆయన రాసిన అంకెను నమ్మే పైవాళ్లు నిర్ణయం తీసుకుంటారు.

నలభై రెండోవాడు

ఆ రాత్రి తర్వాత నేను నడిపి చూడకుండా ఏ యంత్రానికీ సంతకం పెట్టలేదు. దానివల్ల కొన్ని చోట్ల పేరు, కొన్ని చోట్ల విరోధం వచ్చాయి. ఇప్పుడు నా కింద పనిచేసే కుర్రాళ్లతో, "పంపు నడవకపోతే 'నడవలేదు' అని రాసి తీసుకురండి, నేను మిమ్మల్నేమీ అనను" అని చెబుతుంటాను. పైవాడు ఆ మాట ముందే చెప్పకపోతే కిందివాడు నిజం రాయడు. పదకొండు వారాల అనుభవంతో చెబుతున్నాను.

నాకు ఆ పాఠం మొదట చెప్పింది హెల్మ్‌లీ కాదు, మన మాస్టారు. చెప్పినప్పుడు వినలేదు, కాబట్టి రెండోసారి నేర్చుకోవలసి వచ్చింది. రెండోసారికి అయిన ఖర్చు ఇంకొకరి చేతులు. మాస్టారు ఇప్పుడు లేరు. ఉండి ఉంటే ఈ స్వర్ణోత్సవ సభలో ఆయన ముందుకు వెళ్లి నిలబడి, ఆ పదకొండు సంతకాల సంగతి చెప్పేవాణ్ని. ఆ మాట ఇన్నాళ్లకి ఈ పేజీలో రాస్తున్నాను.

సభ రోజు బ్యాచ్‌ల వారీగా పేర్లు పిలుస్తారని కమిటీ వారు చెప్పారు. రానివారి పేరు పిలిచినప్పుడు దయచేసి ఎవరూ వారి బదులు పలకవద్దు. రాలేదని రాసుకుందాం. ఎందుకు రాలేదో మరునాడు ఫోన్ చేసి కనుక్కుందాం.